మిగిలిన పన్నెండు వందల మీటర్లు

డబ్బు లెక్కలన్నీ తేలాక
గీత ఇంకో పన్నెండు వందల మీటర్లు సాగొచ్చన్నారు.
అంతే. ఒక్క స్టేషను.
బొగోటా పటం మీద అది
నా చిటికెన వేలి గోరంత.

పడమటికి తిప్పితే షాపింగ్ మాల్.
వాళ్ళ వకీలు ముందే వచ్చి
స్టేషనుకి పేరు కూడా పెట్టిపోయాడు.
తూర్పున బస్సుల డిపో, చదును నేల, ఖర్చు తక్కువ,
కంప్యూటరు దాన్నే మెచ్చింది.
దక్షిణాన కొండ.
ఇటుక మీద ఇటుక, రేకు మీద రేకు,
ఎవరి మెట్లు వాళ్ళే కట్టుకున్న కొండ.
తెర మీద అక్కడంతా తెలుపు.
ప్రయాణికులు లేరట.

ఎందుకు లేరో చూద్దామని
తెల్లవారుజామున మూడున్నరకి వెళ్ళి నించున్నాను.
ఉన్ని కంబళి కప్పుకున్నా చలి దవడల్లో దూరింది.
ముందు కుక్కలు దిగాయి.
వెనక చీకట్లోంచి సెల్‌ఫోన్ల దీపాలు,
ఒకటి, ఏడు, నలభై,
ఆపైన లెక్క తప్పింది.
ఆడవాళ్ళే ఎక్కువ.
కాళ్ళకి ఒక జత, చేతిలో మరో జత.
బురద జోళ్ళు, పని జోళ్ళు.
మెట్ల కింద చెప్పులు కుట్టే అనీబల్ గోడకి
బురద జతని మేకుకి తగిలించి
ఉత్తరాది ఇళ్ళు తుడవడానికి నడిచిపోతున్నారు.
రాత్రికి వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుంటారు.
అతను అద్దె అడగడు.
మడమ ఊడి ఉంటే, చెప్పకుండానే బిగించి పెడతాడు.

మా సర్వే ఫారంలో బస్సుంది, కారుంది, సైకిలుంది,
"ఇతరం" కూడా ఉంది.
నడక లేదు.
నేనే తయారుచేశాను ఆ ఫారం.

మేకులు లెక్కపెట్టాను. మూడు వందల పదహారు.

శనివారం బడిలో పటం పరిచాం.
పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని పెద్దవాళ్ళు,
చేతుల్లో వేడి బెల్లం నీళ్ళు.
స్టేషను ఎక్కడ కావాలి అన్నాను.
ప్రతి వేలూ సొంత ఇంటి మీద వాలి
అక్కణ్ణించి నెమ్మదిగా
పక్కింటి మీదకి జరిగింది.
నా గడపకి దగ్గరగా, నా గోడకి దూరంగా.
అందరూ నవ్వారు.
పక్కింటివాళ్ళు కాస్త ముందుగా ఆపేశారు.

హెర్సీలియా వేలు పెట్టలేదు.
"ఈ ఇల్లు మూడుసార్లు కట్టాను.
అట్టతో ఒకసారి, చెక్కతో ఒకసారి, ఇటుకతో ఒకసారి.
నాలుగోసారి దేంతో కట్టమంటావు?"
నా దగ్గర పరిహారం పట్టిక ఉంది, చదరపు మీటరుకి ఇంతని.
చదవడం మొదలెట్టి
మూడో వరుసలో ఆగిపోయాను.

ఆఫీసులో మూడు నెలలు పోట్లాడాను.
మేకులు దత్తాంశం కాదన్నారు.
గోడ ఫొటోలు అనుబంధంలో పెట్టమన్నారు,
అనుబంధాలు ఎవరూ చదవరు కనక.
ఎవరో చదివారు.
సరే, కొండకే అన్నారు.

అప్పుడు మట్టి ఇంజనీర్లు వచ్చారు.
పైన వాలు జారుతుంది, కుదరదు.
వాగు పక్కన ఊట, కుదరదు.
రాయి తగిలింది ఒక్కచోటే,
మెట్లు ఆగే చోట.
అనీబల్ కొట్టు కింద.

చెప్పడానికి నేనే వెళ్ళాను.
సుత్తి ఆపకుండా విన్నాడు.
పళ్ళ మధ్య మూడు మేకులున్నాయి,
ఒక్కొక్కటీ తీసి కొట్టేదాకా నోరు తెరవలేదు.
"స్టేషన్లో మేకులు కొట్టుకోనిస్తారా?"
మరొకటి ఏదీ అడగలేదు.

నిబంధనల పుస్తకం రాత్రంతా తిరగేశాను.
ప్రకటనల బోర్డులకి తొమ్మిది పేజీలున్నాయి.

ఇవాళ నకలు కాగితం మీద
టికెట్ గేట్లకి ఇవతల గోడ ఒకటి గీసి
పెన్సిలు మొనతో చుక్కలు పెట్టడం మొదలెట్టాను.
నూట నలభై దగ్గర చెయ్యి నొప్పెట్టింది.
కింది అంతస్తులో పటాలు గీసే కుర్రాడు
మచ్చలనుకుని చెరిపేస్తాడేమో,
పక్కన చిన్నగా రాశాను:
ఇవి మచ్చలు కావు.